ఎక్కిన గేరులోనే దిగాలి

ఖతర్‌లో ఎత్తు చూడాలని ఎవరికైనా ముచ్చట పుడితే ఫ్లైఓవర్ ఎక్కాలి. అంతకు మించి అక్కడ ఎక్కడానికీ లేదు, దిగడానికీ లేదు. నేల చపాతీల పీటలా చదునుగా ఉంటుంది. అలాంటి దేశంలో తొమ్మిదేళ్ళుగా బండి తోలుతున్న నాగూర్‌కు ఒకటే బాధ. చేతిలో ఉన్న విద్య తుప్పు పట్టిపోతోందని.

ఆ విద్య అల్లాటప్పాది కాదు. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. బస్సులో పోయేవాళ్ళకు ఆ ఊరంటే పాలకోవా గుర్తొస్తుంది. లారీ తోలేవాళ్ళకు మాత్రం గుండె దడ గుర్తొస్తుంది. నాగూర్ పన్నెండేళ్ళ పాటు టమాటా లోడుతో, మామిడికాయల లోడుతో ఆ ఘాటు ఎక్కాడు, దిగాడు. ఒక్కసారి కూడా అతని లారీ పిట్టగోడను రాసుకోలేదు. ఈ మాట అతనే చెప్పుకుంటాడు, ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటాడు. చెప్పుకోనిద్దాం, ఉన్నమాటే కదా.

నేర్పింది మేనమామ ఇమామ్. లారీ క్లీనరుగా చేరిన మొదటిరోజే ఆయన మేనల్లుడి చెవి మెలేసి ఒకే ఒక్క పాఠం చెప్పాడు. “ఎక్కిన గేరులోనే దిగల్ల రా. బ్రేకును నమ్ముకున్నోడు లోయలో ఉంటాడు, ఇంజన్ను నమ్ముకున్నోడు ఇంట్లో ఉంటాడు.” చిన్న గేరులో దిగితే బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు కాలదు. ఇంకే పాఠమూ చెప్పలేదు. ఆ ఒక్కటే పన్నెండేళ్ళు అన్నం పెట్టింది.

దోహా వచ్చాక ఆ పాఠంతో పనే లేకుండా పోయింది. అల్ ఘర్రాఫాలో పెద్ద విల్లా, గేటు పక్కన డ్రైవరు గది. పొద్దున్నే పిల్లల్ని బడిలో దించడం, అబూ హమూర్ మార్కెట్ నుంచి కూరగాయల పెట్టెలు మోసుకురావడం, సాయంత్రం యజమానురాలిని షాపింగుకు తీసుకెళ్ళడం. ఆ ఇళ్ళల్లో పనివాళ్ళు యజమానిని బాబా అంటారు, యజమానురాలిని మామా అంటారు. వయసుతో నిమిత్తం లేదు. నాగూర్ ఆ బాబా కంటే నాలుగేళ్ళు పెద్ద. బాబా వాళ్ళమ్మ పెద్దమామ. మోకాళ్ళు పోయి చక్రాల కుర్చీలో ఉంటుంది, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. బాబా పెద్దకొడుకు జాసిం, ఇరవైనాలుగేళ్ళ వాడు. వాడి తర్వాత బడికి పోయే ఇద్దరు చిన్నపిల్లలు. ఆ పిల్లల్ని చూసుకునేది రాజంపేట వైపు మనిషి గురవమ్మ. ఆ ఇంట్లో నాగూర్‌తో తెలుగు మాట్లాడే ప్రాణి ఆమె ఒక్కతే.

ఈ వేసవి మొదట్లో ఆ ఇంటి వంటమనిషి పని మానేసి సిలోన్ వెళ్ళిపోయింది. నాగూర్ గుండెలో దీపం వెలిగింది. గల్ఫ్ ఇళ్ళల్లో మొగుడు డ్రైవరుగా, పెళ్ళాం వంటమనిషిగా ఒకే ఇంట్లో ఉన్న రాయలసీమ జంటలు ఎన్ని లేవు? అతని భార్య రమీజా గువ్వలచెరువులో కోవా దుకాణంలో పాలు మరగబెడుతోంది. కూతురు రుక్సార్ తిరుపతిలో నర్సింగు హాస్టల్లో ఉంది. ఇంట్లో రమీజాకు తోడు టీవీయే. పెళ్ళయి ఇరవై ఏళ్ళు అయింది. అందులో ఈ తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది ఎనిమిది నెలలు. నాగూర్ మామా దగ్గరకు వెళ్ళి, నేల చూపులు చూస్తూ, రమీజాకు వీసా అడిగాడు.

“ఇటలీ నుంచి వచ్చాక చూద్దాం,” అంది మామా. “ఆ పనులన్నీ జాసిం చూస్తాడు కదా.”

అదీ అసలు సంగతి. ఇంట్లో పనివాళ్ళ వీసాలు, కార్డులు అన్నీ జాసిం ఫోన్లో ఉంటాయి. వాడి బొటనవేలు కదిలితే రమీజా విమానం ఎక్కుతుంది. కదలకపోతే పాలు మరగబెట్టుకుంటూ ఉంటుంది.

ఏటా ఎండలు ముదిరేసరికి ఆ కుటుంబం ఇటలీలో కోమో సరస్సు దగ్గరకు పోతుంది. పనిమనుషుల్ని తీసుకెళ్తారు, డ్రైవరును మాత్రం ఖాళీ విల్లాకు కాపలా పెట్టి పోతారు. ఈసారి పెద్దమామ అడ్డం తిరిగింది. నిరుడు జాసిం తోలిన తోలుడుకు సరస్సు పొడుగునా వాంతులు చేసుకున్నానని, నాగూర్ రాకపోతే తాను కదలనని తేల్చి చెప్పింది. ముసలమ్మ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. నాగూర్‌కు ఇంటర్నేషనల్ లైసెన్సు వచ్చింది, వీసా వచ్చింది, గురవమ్మ కొనిపెట్టిన ఉన్ని స్వెట్టరు కూడా వచ్చింది.

సరస్సు చూసి నాగూర్ రెండు నిమిషాలు నోరు తెరిచి నిలబడ్డాడు. కొండలు నేరుగా నీళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి. ఆ సందులోనే ఊళ్ళు, గుడిగంటలు, ఎర్రపెంకుల ఇళ్ళు, తెల్లటి పడవలు. తర్వాత అతని కళ్ళు రోడ్డు మీద పడ్డాయి, ఇంక సరస్సు గురించి పట్టించుకోలేదు. ఒకపక్క రాతిగోడ, ఒకపక్క నీళ్ళు, మధ్యలో రెండు ఎద్దుబళ్ళు కూడా ఎదురుపడలేనంత దారి. దాంట్లోనే బస్సు వస్తుంది, సైకిళ్ళు వస్తాయి. తొమ్మిదిమంది పట్టే అద్దె వ్యాన్‌ను నాగూర్ ఆ దారిలో పదిరోజులు తోలాడు. ఒకచోట బస్సు ఎదురొస్తే పక్క అద్దాలు మడిచి, వంద గజాలు వెనక్కి, మలుపుతో సహా, గోడకు జానెడు దూరంలో తీసుకుపోయాడు. బస్సు డ్రైవరు పక్కనుంచి పోతూ కిటికీలోంచి చెయ్యి చాపి అతని భుజం తట్టాడు. పెద్దమామ ఒక్కరోజు కూడా వాంతి చేసుకోలేదు. నాగూర్ నడక మారిపోయింది. పదేళ్ళ తర్వాత తన ఊరికి వచ్చినవాడిలా తిరిగాడు.

పదకొండో రోజున పెద్దమామ మంచు ముట్టుకోవాలంది. అక్కడికి మూడు నాలుగు గంటల దారిలో స్టెల్వియో అని ఒక కనుమ ఉంది. తొమ్మిదివేల అడుగుల ఎత్తు. అవతలివైపు దిగే దారిలో నలభై ఎనిమిది మెలికలు, ఒక్కో మెలికకూ ఒక్కో అంకె రాయి మీద రాసి ఉంటుంది. జాసిం ఆ దారి వీడియోలు ఫోన్లో వందసార్లు చూశాడు. అటునుంచి దిగి, కింద ఊళ్ళో రాత్రికి ఉండి, తెల్లారి తిరిగి రావాలని వాడే నిర్ణయించాడు. బాబా పనుందని సరస్సు దగ్గరే ఉండిపోయాడు. మిగిలినవాళ్ళందరూ బయల్దేరారు.

ఎక్కేటప్పుడు తోలింది నాగూరే. ఆటోమేటిక్ బండి అయినా గేరు తన చేతిలోకి తీసుకుని, ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి అంటూ, చంటిబిడ్డ ఉయ్యాలలా ఎక్కించాడు. పైన గాలి సూదుల్లా గుచ్చింది. నాగూర్, గురవమ్మ కలిసి పెద్దమామ కుర్చీని రోడ్డు అంచున మిగిలిన మంచు దిబ్బ దగ్గరకు మోశారు. ఆమె చేతితొడుగు తీసి మంచులో వేళ్ళు పెట్టింది, నోట్లో వేసుకుంది, “ఉప్పులేదు” అంది. ఎనభై రెండేళ్ళ వయసులో ఆ ముఖం అంత వెలగడం నాగూర్ ఎప్పుడూ చూడలేదు.

తిరిగి బండి ఎక్కేటప్పుడు జాసిం చెయ్యి చాపాడు. “తాళం ఇవ్వు. దిగేది నేను తోలతా. వీడియో తీసుకోవాలి.”

నాగూర్ తాళం ఇచ్చాడు, ఇస్తూ తన అరబ్బీలో అన్నాడు. “గేరు రెండులో పెట్టుకో. ఎక్కిన గేరులోనే దిగాలి.”

జాసిం నవ్వాడు. “ఇది నీ లారీ కాదు నాగూర్. ఆటోమేటిక్. ఏం చెయ్యాలో బండికే తెలుసు.”

పాపం, వాడి తప్పు కూడా కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పల్లం అన్నదే చూడని దేశంలో బండి నేర్చుకున్నవాడికి దిగడం కూడా ఒక పని అని ఎవరు చెప్తారు? నూట నలభైలో ఎడారి దాటించమంటే కళ్ళు మూసుకుని దాటిస్తాడు. నాగూర్ మళ్ళీ నోరు తెరవబోయాడు.

“వాణ్ణి తోలనీ,” అంది మామా. “నువ్వు వెనక కూర్చో. మాట్లాడకు.”

నాగూర్ చివరి వరసలో, మడిచిన చక్రాల కుర్చీ పక్కన కూర్చున్నాడు. పక్కన గురవమ్మ. వాళ్ళ ముందు వరసలో పిల్లలిద్దరూ పెద్దమామకు అటూ ఇటూ. జాసిం పక్కన మామా. అద్దానికి అతికించిన ఫోను వీడియో తీస్తోంది.

ఒకటి, రెండు, మూడు. రాళ్ళమీద అంకెలు పోతున్నాయి. మెలికకు మెలికకు మధ్య జాసిం బండిని వదిలేస్తాడు, మెలిక దగ్గర గట్టిగా తొక్కుతాడు. మళ్ళీ వదలడం, మళ్ళీ తొక్కడం. పక్కన లోయలో ఆ రోడ్డే పడేసిన తాడులా మడతలు మడతలుగా కనిపిస్తోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఎనిమిదో మెలిక దగ్గర నాగూర్ కుడికాలు తనంతట తానే నేలను తొక్కడం మొదలుపెట్టింది. పద్నాలుగు దగ్గర వాసన వచ్చింది. కాలిన బ్రేకు వాసన ఒకసారి ముక్కుకు పట్టినవాడు చచ్చేదాకా మరిచిపోడు.

“గురవమ్మక్కా, వాసన వస్తాందా?”

“ఏందో మాడిన వాసన. కింద యాడన్నా వంట చేస్తాండారేమో.”

“వంట కాదు. బ్రేకులు కాల్తాండాయి.”

గురవమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. “నీకెందుకబ్బా? తోలేది వాళ్ళ బిడ్డ. మాట్లాడొద్దని ఇప్పుడే చెప్పె గదా ఆయమ్మ. ఆ పిల్లోనికి కోపమొస్తే వీసా గంగలో కలుస్తాది. రమీజా మొగం తలుసుకోని గమ్మున కూచో.”

నాగూర్ గమ్మున కూర్చున్నాడు. పదిహేనో మెలిక. రమీజా ముఖం తలుచుకున్నాడు. రెండేళ్ళ కిందటే కొని మంచం కింద పెట్టుకున్న ఆమె నీలం సూట్‌కేసు తలుచుకున్నాడు. బహుశా జాసిమే గేరు తగ్గిస్తాడేమో అనుకున్నాడు. వాసన బండి నిండా అయింది, మామా కిటికీ అద్దం పైకెత్తింది, బయటినుంచి వస్తోందనుకుని. పదహారో మెలిక. జాసిం తొక్కాడు. బండి ఆగాల్సినంత ఆగలేదు. ముందు చక్రం రాతి పిట్టగోడకు మూరెడు దూరంలోంచి తిరిగింది. జాసిం మెడ బిగుసుకోవడం వెనకనుంచి నాగూర్‌కు కనిపించింది. కాలికింద పెడలు మెత్తబడిందని వాడికి తెలిసిపోయింది, ఏం చెయ్యాలో మాత్రం తెలియదు.

“ఒరేయ్, కాలు తియ్ రా బ్రేకు మీద్నుంచి!”

తెలుగులోనే అరిచాడు నాగూర్. గువ్వలచెరువులో క్లీనర్ల మీద అరిచిన గొంతు అది.  బెల్టు ఊడదీసి, చక్రాల కుర్చీ మీదుగా, పెద్దమామ భుజం పక్కనుంచి దూకినట్టు ముందుకు వచ్చి జాసిం భుజం పట్టుకున్నాడు. ఇంక అరబ్బీ దానంతటదే వచ్చింది.

“స్టీరింగ్ వెనక ఎడమ చేతి కింద గేరు తగ్గించే మీట ఉంది. నొక్కు. మళ్ళీ నొక్కు. ఇంకోసారి. కాలు తియ్యి.”

ఇంజను గావుకేక పెట్టింది. మామా కూడా పెట్టింది. బండి ముక్కు కిందికి వంగి, ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు వేగం తగ్గింది. పదిహేడో మెలిక నడక వేగంతో తిరిగారు. “బాగుంది. అలాగే ఉంచు. నేనున్నా,” అంటూ నాగూర్ వాడి భుజం వదల్లేదు. ఇరవై దాటాక రోడ్డు పక్కన ఒక పాత హోటలు, దాని ముందు కంకర ఆవరణ వచ్చాయి. అందులోకి తిప్పించి, మిగిలిన కాస్త బ్రేకుతో ఆపించాడు. తలుపు తెరిచి ముందు చేసిన పని, చక్రాలకు రెండు పెద్ద రాళ్ళు అడ్డం పెట్టడం. నాలుగు చక్రాల నుంచీ పొగ లేస్తోంది. చిన్నపిల్లవాడు నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చాడు. కాలిన ఇనుము మీద నీళ్ళు పోస్తే పగులుతుందని నాగూర్ వాణ్ణి ఎత్తి పక్కన పెట్టాడు.

జాసిం స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాడు.  మామా దిగింది, ముఖం పాలిపోయింది. అంత భయపడిన మనిషి ఆ భయాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా, ఎదురుగా నాగూర్ ఉన్నాడు.

“నా కొడుకు మీద చెయ్యి వేస్తావా? వాడి మీద అరుస్తావా, నా ముందు?”

 అరిచింది నిజం, చెయ్యి వేసింది నిజం. నాగూర్ గంటసేపు ఆగి, చక్రాలు చల్లారాక, మిగిలిన మెలికలన్నీ తనే రెండో గేరులో దించాడు.  పెద్దమామ తల వాల్చి హాయిగా గురక పెట్టింది.

సరస్సు దగ్గరకు తిరిగి వచ్చాక బాబా పిలిచాడు. “జాసిం మీద అరిచావా?”

“అరిచాను బాబా.”

“సరే, వెళ్ళు.”

అంతే. ఆ ‘సరే’లో ఏముందో పైవాడికే తెలియాలి. జాసిం రెండురోజులు నాగూర్ ముఖం చూడలేదు. తాళం కూడా గురవమ్మ చేత ఇప్పించాడు.

“నోటికాడి కూడు నేలపాలు చేసుకొంటివే,” అంది గురవమ్మ, కళ్ళల్లో నీళ్ళతో.

“నేనేం తప్పు చేయలా అక్కా. మళ్ళీ ఆ కొండెక్కినా మళ్ళీ అరుస్తా.”

ఆ మాట పొగరుకు అన్నది కాదు. నిజంగానే అలా అనుకున్నాడు. కానీ తప్పు చేయలేదన్న ధైర్యం పగటిపూట నిలబెడుతుంది గానీ రాత్రి నిద్ర పట్టనివ్వదు. రెండురోజులు రమీజాకు ఫోను చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. తొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

మూడోరోజు పొద్దున నాగూర్ బండి కడుగుతుంటే జాసిం వచ్చాడు. డ్రైవరు సీట్లో కూర్చుని, పక్క సీటు చూపించాడు. ఊరి వెనక కొండమీద చర్చికి పోయే చిన్న ఘాటు ఎక్కించాడు. పైన బండి తిప్పి నిలబెట్టి, ముందుకు చూస్తూ అన్నాడు.

“నేర్పు.”

నాగూర్ నేర్పాడు. చెవి ఒక్కటే మెలెయ్యలేదు. మిగతాదంతా మేనమామ నేర్పినట్టే నేర్పాడు. బ్రేకు తాకకుండా మూడు మెలికలు, తర్వాత ఆరు. తప్పు చేస్తే మొహమాటం లేకుండా మళ్ళీ పైకి ఎక్కించాడు. ఐదోసారి దిగేసరికి జాసిం చెమట తుడుచుకుని, సరస్సు ఒడ్డున బండి ఆపి, ఫోను తీశాడు.

“నీ భార్య పాస్‌పోర్టు ఫోటో ఉందా?”

రెండేళ్ళుగా ఫోన్లోనే ఉంది. నాగూర్ పంపాడు. అందిందో లేదోనని రెండుసార్లు పంపాడు.

“నీ భార్య వీసాకు బాబా ఆరోజే సరే అన్నాడు,” అన్నాడు జాసిం, తెరమీద వేలు కదుపుతూ. “నేనే నీకు చెప్పలేదు. అందరి ముందూ పిల్లవాణ్ణి చేశావని కోపం.” ఫోను కిందికి దించాడు. “ఇదిగో, అప్లికేషన్ పోయింది. నెలలో వస్తుంది.”

 జాసిం దిగి పడవల వైపు నడిచాడు, అతన్ని ఒంటరిగా వదలడానికే అన్నట్టు. నాగూర్ బండిలోనే కూర్చుని రమీజాకు వీడియో కాల్ చేశాడు. ఆమె దుకాణంలో, ఎదురుగా మూకుడులో పాలు పొంగుతున్నాయి.

“బతికుండావా?” అంది రమీజా. “రెండు దినాలాయ ఫోనెత్తక.”

అతను అంతా చెప్పాడు. మంచు, మెలికలు, వాసన, అరుపు, ఇప్పుడు పోయిన అప్లికేషన్. ఆమె గరిటె తిప్పడం ఆపింది. వీసా మాట వినగానే కొంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు కదలడం కనిపించింది, నవ్వో ఏడుపో ఇవతలినుంచి తెలియలేదు. నాగూర్ కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

కొంగు తీశాక ఆమె అడిగింది. “ఆ పిల్లోని మీద అరిస్తివి గదా. అప్పుడు నేను గుర్తు రాలేదా?”

అబద్ధం చెప్పొచ్చు. చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

“వచ్చినావు,” అన్నాడు నాగూర్. “వాసన పద్నాలుగో మెలికలో వచ్చె. నేను అరిచింది పదహారో మెలికలో. రెండు మెలికలు నీ కోసరం నోరు మూసుకోని కూచున్న్యా.”

పాలు అడుగంటి చిటచిటమన్నాయి. రమీజా మంట తగ్గించింది.

“ముసలామె ఉండాది గదా బండ్లో? చిన్న పిల్లోల్లు?”

“ఉండారు.”

ఆమె అతన్నే చూసింది. ఆ చూపులో కోపం లేదు, ప్రేమ లేకుండానూ లేదు.

“నేనొస్తా,” అంది. “వచ్చి ఆ ముసలామెకు నా చేత్తో వండి పెడతా. కానీ నువ్వు ఇంకెప్పుడూ నా పేరు చెప్పి నోరు మూసుకోవాకు.”